చీటీ రాసుకుని వెళ్ళండి: మొదటిసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళేవాళ్ళకి

మా అమ్మ పోయిన ఆరు నెలలకి నాకు గుండె దడ మొదలైంది. రాత్రి సరిగ్గా మూడింటికి మెలకువ వచ్చేది. చెవుల్లో గుండె చప్పుడు, అరచేతుల్లో చల్లటి చెమట. ఇక తెల్లారేదాకా ఫ్యాన్ వంక చూస్తూ పడుకోవడమే. గుండె డాక్టరు దగ్గరికి వెళ్తే ఈసీజీ తీశారు, టూడీ ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ నార్మల్. "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో గుండె డాక్టరు, ఆ తర్వాత నరాల డాక్టరు, మళ్ళీ అవే పరీక్షలు. సరైన మనిషి ఎదురుగా కూర్చుని నోరు విప్పేసరికి అమ్మ సంవత్సరీకం కూడా అయిపోయింది.

మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టరుని కాను, సైకాలజీ చదవలేదు. గుంటూరులో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగిని. పద్నాలుగు నెలలు కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. వెళ్ళేముందు ఎవరైనా నన్ను కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవి వరసగా చెప్తాను.

మొదట, ఒంటి సంగతి తేల్చుకోండి. కానీ ఒక్కసారే

నీరసం, నిద్ర పట్టకపోవడం, దడ, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం, ఇవి మనసు వల్లే రావాలని లేదు. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా ఇలాగే ఉంటుంది. అందుకని మీ ఇంటి డాక్టరు దగ్గర ఈ మూడూ చూపించుకోండి. గుండెలో నొప్పి ఉంటే ఈసీజీ తప్పకుండా తీయించుకోండి.

రిపోర్టులు బాగున్నాయంటే మీకు ఏమీ లేదని కాదు. వెతకాల్సింది అక్కడ కాదని అర్థం. నేను చేసిన పొరపాటు ఇక్కడే. రిపోర్టు బాగుందన్న ప్రతిసారీ ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. మీరు ఒక్కసారి పరీక్షలు చేయించుకుని, ఆ ఫైలు పక్కన పెట్టి, రెండో పనికి వచ్చేయండి.

వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టిక ఒకటుంది. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారో తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది: దిగులు, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత వగైరా. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పది, ఆ పైన వస్తే ఎవరినైనా కలవడం మంచిది. అది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు, తలుపు తట్టమని చెప్పే గుర్తు మాత్రమే. నాకు అప్పట్లో 16 వచ్చింది.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఇంకేది వచ్చినా మిగతా లెక్క అంతా పక్కన పెట్టేయండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఇది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆలోచన దాటి పని దాకా వచ్చిందనుకుంటే ఫోన్ కూడా కాదు, నేరుగా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. పోలీసు కేసవుతుందేమోనని చాలా ఇళ్ళల్లో దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ప్రాణం ముందు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఇక్కడే అందరూ తికమక పడతారు. నేనూ పడ్డాను. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. వాళ్ళు మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తారు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగితే చెప్తారు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. బాగా చదువుకుని పనిచేసేవాళ్ళూ ఉన్నారు, రెండు వారాంతాల కోర్సు చేసి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అడగాలి.

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మూడు మాటలు అడగండి. "మీరు ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు?" "నాలాంటి సమస్యతో వచ్చినవాళ్ళని చూస్తుంటారా?" "ఒక్కో సెషన్ ఎంతసేపు, ఎంత ఫీజు?" ఇలా అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. పని తెలిసినవాళ్ళు సంతోషంగా చెప్తారు. విసుక్కున్నారంటే మీకు కావాల్సిన జవాబు అక్కడే దొరికేసింది.

డబ్బు ఇబ్బంది అయితే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. విశాఖపట్నంలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రత్యేక ఆసుపత్రులే ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న మాటని మనవాళ్ళు తిట్టుగా వాడతారు. చిన్నప్పుడు నేనూ వాడాను, ఇప్పుడు తల్చుకుంటే బాధేస్తుంది. ఆ ఆసుపత్రి ఓపీలో లైన్లో నిలబడేది మనలాంటి మనుషులే. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మన వీధిలో వంద మంది పెద్దవాళ్ళుంటే అందులో పది మంది. వాళ్ళలో ఎక్కువమందికి ఏ వైద్యమూ అందట్లేదని కూడా ఆ సర్వేనే చెప్పింది.

చీటీ రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. వెళ్ళే ముందు రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని మీకు ఏం జరుగుతోందో రాయండి. డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటి మాటలు వద్దు. అవి తేల్చాల్సింది వాళ్ళు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. రోజులో ఏం జరుగుతోంది, ఒంట్లో ఏం తెలుస్తోంది, ఇంతకుముందు చేసేవాళ్ళు ఇప్పుడు ఏం మానేశారు, ఇదెప్పుడు మొదలైంది. వేసుకుంటున్న మందుల పేర్లన్నీ కూడా, బీపీ బిళ్ళతో సహా.

నేను కరెంటు బిల్లు వెనక రాశాను, చేతికి అదే దొరికింది. సన్నగా పొడుగ్గా ఉండే ఆ కాగితం మీద ఇలా ఉంది:

రాత్రి మూడింటికి మెలకువ. దడ. మళ్ళీ నిద్ర రాదు.
పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండట్లేదు. రెండుసార్లు వేశాను.
ఫోన్ మోగితే భయం.
చిన్నాడి మీద చెయ్యి చేసుకున్నాను. ఎప్పుడూ లేదు.
అమ్మ బీరువా ఇంకా తియ్యలేదు.

అయిదు లైన్లే. కానీ నోటితో చెప్పమంటే ఇందులో సగం బయటికి వచ్చేవి కావు. ఆ గదిలో కూర్చోగానే మనకి మర్యాద అడ్డొస్తుంది. "బాగానే ఉన్నానండీ, కొంచెం నిద్ర పట్టట్లేదు అంతే" అనేస్తాం. చీటీకి మొహమాటం లేదు. నోరు పెగలకపోతే చీటీ వాళ్ళ చేతికి ఇచ్చేయండి. నేను అదే చేశాను.

మా కౌన్సెలర్ దాన్ని రెండుసార్లు చదివింది. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. కాగితం మీంచి తలెత్తి, "అమ్మగారు పోయిన కబురు మీకు ఎన్నింటికి వచ్చింది మేడమ్?" అని అడిగింది.

మూడింటికి. తెల్లవారుజామున మూడింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆరు నెలలు రోజూ అదే వేళకి లేచి కూర్చున్నదాన్ని, ముగ్గురు డాక్టర్లకి "మూడింటికి మెలకువ వస్తోంది" అని చెప్పినదాన్ని, ఆ రెండిటినీ ఒక్కసారి కూడా కలిపి చూసుకోలేదు.

ఇంట్లో ఎలా చెప్పాలి

అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరికి మాత్రం చెప్పండి. మా ఆయనతో నేను అన్నది ఇంతే: "నిద్ర పట్టట్లేదు, మనసు బాగోట్లేదు. వారానికి ఒకరోజు ఒకావిడతో మాట్లాడటానికి వెళ్తున్నాను. మీరేం చెయ్యక్కర్లేదు, మీకు తెలిసుండాలి." ఆయన కాసేపు ఊరుకుని, "నాతో మాట్లాడొచ్చుగా" అన్నారు. ఈ మాట మీకూ ఎదురవుతుంది. దానికి వాదన పెట్టుకోకండి. పన్ను నొప్పి వస్తే ఇంట్లోవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్తాం కదా అన్నాను, సరేనన్నారు. తర్వాత చాలాసార్లు స్కూటర్ మీద ఆయనే దింపారు.

అత్తయ్యగారు దిష్టి తీశారు, గుడికి తీసుకెళ్ళారు, తాయెత్తు కట్టించారు. నేను కాదనలేదు. ఆవిడకి తెలిసిన ప్రేమ అది. గుడికి వెళ్ళడం కౌన్సెలింగ్‌కి అడ్డం కాదు. మందు మానేసి ఇదే చెయ్యమంటేనే చిక్కు.

మొదటి రోజు ఆ గదిలో

సాధారణంగా 45, 50 నిమిషాలుంటుంది. మొదటి సెషన్ దాదాపుగా ప్రశ్నలతోనే సరిపోతుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, తిండి, నిద్ర, ఉద్యోగం, ఇంతకుముందు ఇలా ఎప్పుడైనా అయిందా, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా, మందు, సిగరెట్ అలవాట్లున్నాయా. ఇవన్నీ ఎందుకని విసుగొస్తుంది. రానివ్వండి. పరిష్కారం ఆ రోజే దొరకదు, దొరుకుతుందన్న ఆశతో వెళ్తే నీరుగారిపోతారు.

ఏడుపొస్తే ఆపుకోకండి. అక్కడ టిష్యూ డబ్బా పెట్టేది అందుకే. ఏమీ మాట్లాడాలనిపించకపోతే ఊరుకోండి, ఆ మౌనాన్ని పూడ్చే బాధ్యత మీది కాదు.

తెలుగులోనే మాట్లాడండి. ఇది గట్టిగా చెప్తున్నాను. చదువుకున్నవాళ్ళం చాలామంది అక్కడికి వెళ్ళగానే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాం. స్ట్రెస్ అంటాం, గిల్ట్ అంటాం. ఆ మాటలు అంటే నొప్పి తగలదు, అందుకే అంటాం. "అమ్మని నేనే చంపుకున్నాను" అని నా నోటితో తెలుగులో అన్న రోజున గాని నాకు అసలు ఏడుపు రాలేదు. మీరు కలిసేవాళ్ళకి తెలుగు బాగా రాకపోతే, వచ్చినవాళ్ళని వెతుక్కోవడంలో తప్పేం లేదు. ఊరు దూరమైతే వీడియోలో మాట్లాడవచ్చు.

చెప్పినవి బయటికి పొక్కుతాయన్న భయం ఉంటే మొదట్లోనే అడిగేయండి. గోప్యత మీ హక్కని ఆ 2017 చట్టంలోనే ఉంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనుకున్నప్పుడు లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. అవేంటో వాళ్ళ నోటితోనే వినండి.

మొదటి మనిషి నచ్చకపోతే

చీటీ చదివినావిడ నాకు రెండో కౌన్సెలర్. మొదటాయన దగ్గరికి అయిదు నెలల ముందు వెళ్ళాను. అప్పుడు చీటీ లేదు. గంటలో ఆయన రెండుసార్లు ఫోన్ ఎత్తారు. నేను అమ్మ గురించి మొదలుపెట్టగానే "మీకంటే పెద్ద కష్టాలున్నవాళ్ళు ఎంతమంది లేరమ్మా, పిల్లల్ని చూసుకుని ధైర్యంగా ఉండాలి" అన్నారు. బంధువులందరూ అప్పటికే ఆ మాట అనేశారు. డబ్బు కట్టి బయటికొచ్చి బస్టాండులో కూర్చుని, నాకు ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయంతో నాలుగు నెలలు పోయాయి. ఆయన ఒక్కరు సరిగ్గా చెయ్యకపోతే కౌన్సెలింగే పనికిరాదనుకున్నాను చూడండి, అది మీరు చెయ్యకండి.

మామూలుగా మూడు నాలుగు సెషన్లు చూడండి. మీ మాట వింటున్నారా, కిందటి వారం చెప్పింది గుర్తుందా, ఎటు తీసుకెళ్తున్నారో చెప్తున్నారా అని గమనించండి. ఇవి లేకపోతే "నాకు కుదరట్లేదండీ" అని ఆ మనిషికే చెప్పవచ్చు. మంచివాళ్ళైతే పద్ధతి మార్చుకుంటారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపిస్తారు. కానీ కొన్నిటికి మూడు సెషన్లు కూడా ఆగక్కర్లేదు. మీ కులం గురించో, పెళ్ళి గురించో చులకనగా మాట్లాడినా, ఒంటి మీద చెయ్యి వేసినా, ఇన్ని రోజుల్లో నయం చేస్తానని హామీ ఇచ్చి ముందే మొత్తం డబ్బు కట్టమన్నా, డాక్టరు రాసిన మందులు ఆపేయమన్నా, ఆ రోజే లేచి వచ్చేయండి.

మందుల మాట

మా కౌన్సెలర్ మూడో వారంలో నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది. భయమేసింది, అలవాటు పడిపోతానేమోనని. డాక్టరు విడమరిచి చెప్పారు. దిగులుకి రాసే మందులు పనిచెయ్యడం తెలియాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండొచ్చు. బాగుందని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నేను ఎనిమిది నెలలు వాడి అలాగే తగ్గించాను. అలవాటు పడే భయం నిజంగా ఉన్నది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర మాత్రలతో. పక్కింటావిడకి పనిచేసిందని ఆవిడ మాత్ర మాత్రం వేసుకోకండి.

ఇంటికిచ్చే పని

కౌన్సెలింగ్ అంటే వారానికి గంట మాట్లాడటం అనుకున్నాను. అసలు పని మిగతా ఆరు రోజుల్లో ఉంటుంది. నాకు మా కౌన్సెలర్ ఎక్కువగా వాడింది సీబీటీ అనే పద్ధతి, అంటే మనసులో వచ్చే ఆలోచన ఎంత నిజమో పరీక్షించి చూసుకుంటూ అలవాట్లు మార్చుకోవడం. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ మొదలుపెట్టారు. లెక్కలు చూసేదాన్ని కదా, ఇది నాకు లెడ్జరు రాసినట్టే అనిపించింది. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: జరిగింది ఏంటి, మనసులో వచ్చిన మాట ఏంటి, దాన్ని ఎంత నమ్మాను, దానికి ఆధారం ఏంటి.

నా బుక్కులో ఒక లైను ఇది. జరిగింది: పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగింది. మాట: ఎవరో పోయారు. నమ్మకం: 90. ఆధారం: ఈ నెలలో పొద్దున్నే వచ్చిన ఫోన్లు పదకొండు, అందులో చావు కబురు ఒక్కటీ లేదు, ఇది పాలబ్బాయి. ఇప్పుడు నమ్మకం: 30. ఒక్క లైనుతో ఏమీ మారదు. నలభై లైన్లు రాశాక ఫోన్ మోగినప్పుడు చెయ్యి వణకడం తగ్గింది. ఆ నలభై రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది, మధ్యలో పది రోజులు అసలు ముట్టుకోలేదు. మానేశానని చెప్తే ఆవిడ కోప్పడలేదు, ఏ రోజున ఆగిపోయిందో అడిగింది. మీరూ రాయకపోతే రాయలేదని చెప్పండి. రాసినట్టు అబద్ధం చెప్తే ఆ గంట దండగ.

కష్టమైన లైను ఒకటుంది. అమ్మ మార్చి మొదట్లో ఫోన్ చేసి, "ఆయాసంగా ఉంటోందే అమ్మాయ్, ఒకసారి వచ్చి డాక్టరుకి చూపిద్దూ" అంది. నెలాఖరు లెక్కలు ఉన్నాయి, ఏప్రిల్ మొదటి వారంలో వస్తానన్నాను. మార్చి 29న పోయింది. నా గడిలో "నేను తీసుకెళ్తే బతికేది" అని ఉంది, నమ్మకం 100. కౌన్సెలర్ ఎప్పుడూ "మీ తప్పేం లేదు" అనలేదు. అని ఉంటే నమ్మేదాన్ని కాదు. "ఆ ఫోన్ వచ్చినప్పుడు మీకు ఏం తెలుసు? ఇప్పుడు ఏం తెలుసు? రెండూ వేరువేరుగా రాయండి" అంది. రాస్తే, మొదటి గడిలో ఆయాసం ఒక్కటే ఉంది, ప్రతి చలికాలం వచ్చిపోయే ఆయాసం. ఇప్పటికీ ఆ నమ్మకం సున్నాకి రాలేదు. 40 దగ్గర ఉంది. దాంతో నిద్రపోగలుగుతున్నాను.

ఇంకో రకం పని, తప్పించుకుంటున్నదాని దగ్గరికి కొంచెం కొంచెంగా వెళ్ళడం. నాకది అమ్మ బీరువా. మొదటి వారం తాళంచెవి తీసుకెళ్ళి దాని ముందు కూర్చుని రావాలి, అంతే. రెండో వారం తలుపు తీసి అయిదు నిమిషాలు నిలబడాలి. కలరా ఉండల వాసన, దాని కింద అమ్మ వాడే చందనం సబ్బు వాసన. మూడు నిమిషాలకే మూసేశాను, ఆ మూడు నిమిషాలే లెక్కలో రాసుకున్నాం. అయిదో వారానికి ఒక చీర బయటికి తీశాను, అమ్మ కట్టీ కట్టీ మెత్తబడిపోయిన వెంకటగిరి నేత చీర. మీకు అది బీరువా కాకపోవచ్చు, ఒక వీధి కావచ్చు, ఒక ఫోన్ నంబరు కావచ్చు. మెట్టు ఎంత చిన్నదైతే అంత మంచిది. కానీ మీ అంతట మీరు పెద్ద మెట్టు మొదలుపెట్టకండి, కౌన్సెలర్‌తో కలిసి మెట్లు రాసుకోండి.

సొంతంగా చేసుకోగలిగినవీ ఉన్నాయి. దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం. సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు దిగులుకని కేటాయించి, మిగతా వేళల్లో వచ్చే ఆలోచనని "ఆరున్నరకి చూద్దాం" అని ఒక కాగితం మీద రాసి పెట్టడం. పొద్దున్నే ఎండలో నడక. ఇవి నిజంగా సాయం చేస్తాయి. రోజు గడవడమే కష్టంగా ఉన్నప్పుడు మాత్రం వీటితోనే నెట్టుకొస్తాను అనుకోకండి.

ఎప్పుడు ఆపాలి

ఒక రోజున చెప్పడానికి ఏమీ లేకుండా వెళ్తారు. నాకు పదో నెలలో అలా అయింది, కూర్చుని మామిడికాయ పచ్చడి గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు వారం వారం కాస్తా పదిహేను రోజులకి, తర్వాత నెలకి మార్చాం. ఉన్నట్టుండి మానేయకండి, ఇలా దూరం పెంచుకుంటూ రండి. చివరి సెషన్లో ఒక కాగితం మీద మూడు విషయాలు రాయించుకోండి: మళ్ళీ వస్తోందని ముందుగా తెలిసే గుర్తులు, అప్పుడు చెయ్యాల్సిన పని, ఎవరికి ఫోన్ చెయ్యాలి. నా కాగితంలో మొదటి గుర్తు, కూరలో ఉప్పు మర్చిపోవడం. అది మా ఆయనకి కూడా తెలుసు.

మీకు పోయినవాళ్ళ తిథి, పోయిన నెల దగ్గర పడుతున్నప్పుడు ముందే ఒక అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంచుకోండి. నేను ఏటా ఫిబ్రవరి ఆఖరి వారంలో తీసుకుంటాను. ముందు రోజు రాత్రి మళ్ళీ చీటీ రాస్తాను, ఏ కాగితం దొరికితే ఆ కాగితం మీద.